టీవీ వెలుగుతూనే ఉంది, బిల్లు మూడు లక్షలు దాటింది

బెంగళూరు నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. ముఖ్యమైన సంగతులు ఇవి.

ఆమెకు 27 ఏళ్ళు. సొంతూరు మదనపల్లె దగ్గర ఒక పల్లె. బీటీఎం లేఅవుట్‌లో పీజీలో ఉంటూ, పిల్లల బట్టలు ఆన్‌లైన్‌లో అమ్మే ఒక చిన్న కంపెనీలో రిపోర్టులు తయారుచేసే ఉద్యోగం చేస్తున్నారు. చేరి ఐదు నెలలైంది, వచ్చే నెల ప్రొబేషన్ ముగుస్తుంది. దీపావళి సేల్ మొదలైన రోజున ఓనరు ఆఫీసు గోడకు పెద్ద టీవీ బిగించి, అమ్మకాలు ఎప్పటికప్పుడు దాని మీద కనబడాలన్నారు. ఈమె ఒక్క సాయంత్రం కూర్చుని ఎనిమిది చార్టుల డ్యాష్‌బోర్డు కట్టేశారు. డేటా ఉండేది గూగుల్ క్లౌడ్‌లోని బిగ్‌క్వెరీ అనే డేటా గోదాములో, దాన్ని చార్టులుగా చూపించేది గూగుల్ వాళ్ళదే లుకర్ స్టూడియోలో. 12 గంటలకోసారి కొత్త డేటా తెచ్చుకునే సెట్టింగును 15 నిమిషాలకు మార్చారు. పేజీ దానంతటదే రీఫ్రెష్ అయ్యేలా బ్రౌజర్‌లో ఒక ఎక్స్‌టెన్షన్ పెట్టారు. ఆ రోజు అందరూ చప్పట్లు కొట్టారట.

నెల తిరిగాక బిగ్‌క్వెరీ వాడకానికి బిల్లు వచ్చింది. ఎప్పుడూ తొమ్మిది వేలు దాటనిది ఈసారి 3 లక్షల 40 వేలు. ఓనరు మీటింగులో అందరి ముందూ "దీన్ని ఎవరి జీతంలోంచి కోయమంటారు?" అని అరిచారు. లాగ్ తీసి చూస్తే, చార్టుల కోసం బిగ్‌క్వెరీని అడిగిన ప్రశ్నలన్నీ (వాటినే క్వెరీలంటారు) వెళ్ళిన ఈమెయిల్ టీమ్‌లోని ఒక కుర్రాడిది, అతనిది హాసన్ ఊరు. డేటా కనెక్షన్ మొదట అతని లాగిన్‌తో పెట్టి ఉండటం వల్ల అలా వచ్చింది. డ్యాష్‌బోర్డు మాత్రం ఈమెది. ఆ సంగతి ఈమెకు తెలుసు, ఇంకెవరికీ తట్టలేదు.

"మీటింగ్ అయ్యాక వాడు నా సీటు దగ్గరికొచ్చి, అక్కా, నేనేం చేశానో నాకే తెలీట్లేదు అన్నాడు. నేను నా నీళ్ళ సీసా తీసి ఇచ్చాను. అంతకుమించి నోరు పెగల్లేదు. ఆరు రోజులైంది. నిద్ర లేదు. చీటీ పాడుకుంటే లక్షన్నర దాకా వస్తుంది. అది కట్టేసి, మిగతాది నెలనెలా ఇస్తానని చెప్పి రాజీనామా చేసేద్దామనుకుంటున్నాను. అసలు ఇంత బిల్లు ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. నేను పరీక్షించినప్పుడు లిమిట్ 100 పెట్టి చూశాను, క్షణంలో వచ్చింది కదా!"

సమాధానం:

ముందు లెక్క తేలుద్దాం. మీ భయంలో సగం లెక్క తెలియకపోవడం వల్లే వచ్చింది. ఆ మిగతా సగం గురించి తర్వాత మాట్లాడుకుందాం. అదే ఎక్కువ బరువైనదని నాకు తెలుసు.

బిగ్‌క్వెరీని ఆన్-డిమాండ్ పద్ధతిలో వాడితే, మీకొచ్చిన జవాబు ఎంత పెద్దదని చూడదు. ఆ జవాబు కోసం ఎంత డేటా చదవాల్సి వచ్చిందో దానికి డబ్బు తీసుకుంటుంది. పాతకాలపు బట్టల కొట్టు ఊహించుకోండి. గుమాస్తా ఉన్నాడు, వెనక అలమరలో మూడేళ్ళ చిట్టాలున్నాయి. ఎన్ని పేజీలు తిప్పితే అంత కూలి. "ఇవాళ్టి అమ్మకం ఎంత?" అని మీరడిగారు. ఇవాళ్టి పేజీ ఏదో మీరు చెప్పలేదు. పాపం అతను మూడేళ్ళ చిట్టాలూ దించి, మొదటి పేజీ నుంచి చదువుకుంటూ వచ్చి, చివర్లో ఒక అంకె చెప్పాడు. మీకు అంకె ఒక్కటే కనబడింది. కూలి మాత్రం పేజీలన్నిటికీ పడింది.

లిమిట్ 100 సంగతీ ఇక్కడే ఉంది. లిమిట్ పెడితే వంద వరుసలే చూపిస్తుంది, మామూలు టేబుల్ మీద చదవడం మాత్రం తగ్గదు. క్షణంలో వచ్చింది కాబట్టి తక్కువే చదివిందనుకున్నారు. చాలామంది అలాగే అనుకుంటారు, ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు కూడా. ఆ వేగం వెనక ఒకేసారి బోలెడన్ని యంత్రాలు పనిచేస్తాయి. అందుకని వేగం చూసి ఖర్చు అంచనా వేయలేం.

మీరు పంపిన క్వెరీ చూశాను. డూప్లికేట్ ఆర్డర్లు రాకూడదని సెలెక్ట్ డిస్టింక్ట్ స్టార్ అని రాశారు, అంటే అన్ని కాలమ్‌లూ తీసి, ఒకేలా ఉన్న వరుసలను ఒక్కసారే చూపించమని. ఉద్దేశం మంచిదే. కానీ డేటా అక్కడ నిలువు వరుసలుగా, అంటే కాలమ్ కాలమ్‌గా దాచి ఉంటుంది. మీ చార్టుకు తేదీ, మొత్తం, ఊరు, ఈ మూడే కావాలంటే ఆ మూడే చదివి ఊరుకునేది. రెండు వరుసలు ఒకటేనా కాదా అని తేల్చాలంటే మాత్రం అన్ని కాలమ్‌లూ చదివి పోల్చక తప్పదు. డిస్టింక్ట్ పక్కన స్టార్ పెట్టడంతో కస్టమర్ చిరునామా నుంచి డెలివరీ నోట్ దాకా ప్రతిదీ చదివించారు. పైగా తేదీ షరతు లేదు.

మీ టేబుల్ 64 జీబీ అని రాశారు. చార్టులు ఎనిమిది. ప్రతి చార్టూ విడిగా ఒక ప్రశ్న. ఒక్కసారి రీఫ్రెష్ అయితే 512 జీబీ, అంటే అర టీబీ. 15 నిమిషాలకోసారి అంటే రోజుకు 96 సార్లు. రోజుకు 48 టీబీ. అమెరికా ప్రాంతంలో టీబీకి 6.25 డాలర్లు ధర, మీ డేటా అక్కడే ఉందన్నారు. రోజుకు 300 డాలర్లు. టీవీ పదకొండు రోజులు వెలిగింది కాబట్టి 3,300 డాలర్లు. డాలరు 85 రూపాయలు వేసుకుంటే 2,80,500. దాని మీద 18 శాతం జీఎస్టీ 50,490. కలిపితే దాదాపు 3 లక్షల 31 వేలు. మామూలుగా వచ్చే తొమ్మిది వేలు కలపండి. మీ బిల్లు అదే. ప్రతి నెలా మొదటి ఒక టీబీ ఉచితం. మీ టీవీ దాన్ని అరగంటలో తినేసింది.

అదే ప్రశ్న మళ్ళీ అడిగితే పాత జవాబు ఉచితంగా ఇస్తుందని ఎక్కడో చదివానన్నారు. నిజమే, సుమారు 24 గంటల దాకా దాచి ఉంచుతుంది. కాకపోతే ఈలోపు టేబుల్ మారకూడదు. సేల్ రోజుల్లో ఆర్డర్లు పడుతూనే ఉంటాయి కదా, టేబుల్ మారుతూనే ఉంటుంది. ఆ సౌకర్యం మీకు ఒక్కసారి కూడా దక్కి ఉండదు.

మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. "ఒకరోజు ఛార్జర్ మర్చిపోయి రాత్రి పదింటికి ఆఫీసుకు వెళ్తే, లైట్లన్నీ ఆర్పేసి ఉన్నాయి, గోడ మీద టీవీ మాత్రం వెలుగుతోంది, చూసి ముచ్చటేసింది" అని రాశారు. ఆ ఖాళీ గదిలో, చూసేవాళ్ళు ఒక్కరూ లేకుండా, పావుగంటకు 265 రూపాయల చొప్పున ఖర్చవుతోంది. ఆఫీసు వేళలు పది గంటలనుకుంటే, బిల్లులో సగం కన్నా ఎక్కువ ఎవరూ చూడని బొమ్మలకు కట్టినదే. ఈ మాట మిమ్మల్ని బాధపెట్టడానికి చెప్పడం లేదు. ఓనరుకు చూపించే కాగితంలో ఈ అంకె ఉండాలి. టీవీ రాత్రిపూట కట్టేయాలన్న ఆలోచన ఆఫీసులో ఒక్కరికీ రాలేదు, టీవీ బిగించమన్న ఆయనతో సహా.

ఇంకో సంగతి. 20 వేలు దాటితే అలర్ట్ వచ్చేలా బడ్జెట్ పెట్టి ఉందనీ, ఆ మెయిల్ ఎప్పుడో ఉద్యోగం మానేసిన ఆయన ఐడీకి వెళ్ళిందనీ మీరే రాశారు. ఆ మెయిల్ ఎవరైనా చదివి ఉంటే మొదటి రోజే, మహా అయితే రెండో రోజు తెలిసిపోయేది. అయినా ఒకటి గుర్తుంచుకోండి: బడ్జెట్ అలర్ట్ చెప్తుంది తప్ప ఆపదు. ఖర్చు లెక్కలు కూడా కొన్ని గంటలు ఆలస్యంగా చేరతాయి. ఆపాలంటే రోజుకు ఇన్ని టీబీలకు మించి చదవకూడదని ప్రాజెక్టుకో, ఒక్కో మనిషికో కోటా పెట్టుకోవాలి. మీ కంపెనీలో అది లేదు. ఐదు నెలల క్రితం చేరిన అమ్మాయి పెట్టాల్సిన కట్టడి కాదది.

తప్పులో మీ వాటా ఉంది. క్వెరీ మీది. ఎడిటర్‌లో పెట్టగానే, రన్ చేయకముందే, ఎంత డేటా చదువుతుందో పైన రాసి చూపిస్తుంది. దాన్ని చూసే అలవాటు మీకు లేకపోయింది. అంతవరకు ఒప్పుకోండి. మొత్తం మూడు లక్షల నలభై వేలూ మీ ఒక్కరి నెత్తిన వేసుకోవడానికి మాత్రం నేను ఒప్పుకోను.

ఇక ఆ కుర్రాడి సంగతి.

మీ ముందు దారులు నాలుగు కనిపిస్తున్నాయి. మొదటిది, నోరు మూసుకుని ఉండటం. అది ఎక్కువ రోజులు నిలవదు. లుకర్ స్టూడియో నుంచి వెళ్ళే ప్రశ్నలతో పాటు ఏ రిపోర్టు నుంచి వెళ్ళిందో ఆ ఐడీ కూడా లేబుల్‌గా నమోదవుతుంది. అలా నడిచిన క్వెరీల చరిత్ర 180 రోజులు ఉంటుంది. ఈమెయిల్ వరకు చూసి ఆగిపోయినవాళ్ళు రేపు లేబుల్ కూడా చూడొచ్చు. అప్పుడు బయటపడేది క్వెరీ తప్పు ఒక్కటే కాదు, అతను తిట్లు తింటుంటే మీరు పక్కనే కూర్చున్న రోజులు కూడా బయటపడతాయి. ఎవరూ చూడకపోతే ఇంకా కష్టం. అక్కా అని పిలిచేవాడి ఉద్యోగం మీ మౌనం వల్ల పోతుంది. ఆరు రోజులకే నిద్ర పట్టని మీరు దాన్ని మోయలేరు.

రెండోది, డబ్బు కట్టేసి వెళ్ళిపోవడం. మీకిది ధైర్యంగా అనిపిస్తోంది, నాకు మాత్రం తప్పించుకోవడంలాగే కనిపిస్తోంది. మీరు ఎందుకు కట్టారో చెప్పకపోతే ఆ అబ్బాయి మీద మచ్చ అలాగే ఉంటుంది. చెప్పే ధైర్యం ఉంటే మరి కట్టడమెందుకు? పైగా ఆ బిల్లు కంపెనీ బిల్లు. అది తగ్గే అవకాశాలు ఇంకా ఉన్నాయి, కింద చెప్తాను. ముందే కట్టేస్తే వాటిని వెతికే పని ఎవరూ పెట్టుకోరు.

మూడోది, నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్ళి చెప్పడం. ఇది సరైన పనే. కాకపోతే ఆ కుర్రాడికి విషయం ఇంకొకరి నోటి నుంచి తెలుస్తుంది. "అక్క ఆరు రోజులు తెలిసి ఊరుకుంది" అన్న ముక్కే అతని మనసులో మిగులుతుంది.

నాలుగోది, ముందు అతనికి చెప్పి, ఆ రోజే ఇద్దరూ కలిసి మేనేజరు దగ్గరికి వెళ్ళడం. నేనైతే ఇదే చేస్తాను. అతనికి కోపం రావచ్చు. కొన్నాళ్ళు అక్కా అనకపోవచ్చు. ఆ కోపం న్యాయమైనదే, పడాలి. కింద కాఫీ కొట్టు దగ్గరికి తీసుకెళ్ళి, చుట్టూ తిప్పకుండా చెప్పండి: "ఆ డ్యాష్‌బోర్డు నాది. కనెక్షన్ నీ లాగిన్‌తో ఉండటం వల్ల నీ పేరొచ్చింది. నాకు మీటింగులోనే అర్థమైంది, భయపడి చెప్పలేకపోయాను. ఇవాళ సార్‌కి చెప్తున్నాను." ఇంతే చాలు. ఇంట్లో పరిస్థితి, తమ్ముడి ఫీజు, ఇవేవీ ఆ మాటల్లో కలపొద్దు. అవి కలిపితే అతను మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది.

మేనేజరు దగ్గరికి ఒక్క పేజీ పట్టుకుని వెళ్ళండి. ఏం జరిగింది, పైన చెప్పిన లెక్క, ఇప్పటికే ఏం ఆపారు, ఇకపై ఏం చేస్తారు. నేను చాలా ఏళ్ళు అకౌంట్స్‌లో పనిచేశాను. తప్పు జరిగిందని వచ్చినవాళ్ళను చూశాను, లెక్క పట్టుకుని వచ్చినవాళ్ళనూ చూశాను. రెండో రకం వాళ్ళను తిట్టినా కూడా కూర్చోబెట్టి వింటారు. ప్రొబేషన్‌లో ఉన్నారు కాబట్టి ఉద్యోగం పోయే ప్రమాదం లేదని నేను చెప్పలేను. ఉంది. కానీ ఆ కాగితంతో పోయిన ఉద్యోగం గురించి తర్వాతి ఇంటర్వ్యూలో తలెత్తుకుని చెప్పగలరు.

ఆ పేజీలో రాయాల్సిన పరిష్కారం కష్టమైనదేమీ కాదు. టీవీ నేరుగా ఆర్డర్ల టేబుల్‌ను తట్టడం మానాలి. ఆర్డర్ల టేబుల్‌ను తేదీల వారీగా పార్టిషన్ చేయించండి, అంటే ఏ రోజు డేటా ఆ రోజు ముక్కగా విడిగా ఉండేలా. తేదీ షరతు లేని క్వెరీని అసలు ఒప్పుకోకుండా చేసే ఆప్షన్ కూడా ఉంది, అదీ పెట్టించండి. గంటకోసారి ఇవాళ్టి పార్టిషన్‌ను మాత్రమే, కావలసిన కాలమ్‌లు మాత్రమే చదివి, ఒక చిన్న సారాంశం టేబుల్ తయారయ్యేలా షెడ్యూల్ చేయండి. టీవీ ఆ చిన్న టేబుల్‌నే చదువుతుంది. ఎంత చిన్న టేబుల్ అయినా కనీసం 10 ఎంబీకి లెక్క కడతారు. ఎనిమిది చార్టులకు 80 ఎంబీ, రోజుకు 96 సార్లు, నెలకు 225 జీబీ. అంటే పావుగంటకోసారి రాత్రీ పగలూ వెలిగినా, టీవీ వరకు ఆ ఉచిత టీబీలో నాలుగో వంతు కూడా దాటదు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టండి: రోజుకు 48 టీబీ, నెలకు 225 జీబీ. మీ ఓనరుకు ఇంకేం చెప్పనక్కర్లేదు. డూప్లికేట్‌లను కూడా ఆ సారాంశం తయారయ్యేచోటే ఆర్డరు నంబరు చూసి తీసేయొచ్చు, స్టార్ అక్కర్లేదు.

ఎడిటర్‌లో చేతితో రాసే క్వెరీలకు మ్యాగ్జిమమ్ బైట్స్ బిల్డ్ (ఒక్క క్వెరీకి ఇంతకు మించి డేటాకు బిల్లు పడకూడదు) అనే గీత పెట్టుకోండి. దాన్ని దాటే క్వెరీ అసలు నడవదు, చార్జీ కూడా పడదు.

ఓనరు ఈ క్లౌడే వద్దు, మనిషికింత అని కట్టే టూల్ కొందామంటున్నారని రాశారు. ఆయన కోపంలో అన్నా, ఆలోచించదగ్గ మాటే. పవర్ బీఐ ప్రో అనే మైక్రోసాఫ్ట్ వాళ్ళ డ్యాష్‌బోర్డు టూల్ 2025 ఏప్రిల్ నుంచి మనిషికి నెలకు 14 డాలర్లు. మీ 35 మందికీ తీసుకుంటే 490 డాలర్లు, నెలకు 41 వేల పైచిలుకు. ఎప్పుడూ అంతే, టెన్షన్ ఉండదు. కానీ అది చూపించే టూల్ ధర. వెనక డేటా బిగ్‌క్వెరీలోనే ఉండి, ప్రతి క్లిక్కుకూ నేరుగా అక్కడికే వెళ్ళేలా పెట్టుకుంటే ఆ మీటరు వేరే తిరుగుతూనే ఉంటుంది. డేటాను దించుకుని వాడితే తిరగదు, ఆ దించుకునే రీఫ్రెష్‌లప్పుడు తప్ప. ఇంకొకరు స్నోఫ్లేక్‌కు, అంటే బిగ్‌క్వెరీ లాంటిదే ఇంకో డేటా గోదాముకు వెళ్దామనొచ్చు. అక్కడ లెక్క చదివిన డేటాకు కాదు, కంప్యూటరు నడిచిన సమయానికి. సెకన్ల లెక్క, లేచిన ప్రతిసారీ కనీసం ఒక నిమిషం. పని లేనప్పుడు పది నిమిషాలకు నిద్రపోయేలా పెట్టి, మీ టీవీ పావుగంటకోసారి తడుతూ ఉంటే, గంటలో నలభై నిమిషాల పైనే మెలకువగా ఉంటుంది. ఏ టూల్‌కు వెళ్ళినా ముందు తెలుసుకోవాల్సింది ఒకటే: మీటరు దేన్ని కొలుస్తోంది? చదివిన డేటానా, నడిచిన సమయమా, మనుషులనా? ఆ ముక్క తెలియకుండా మారితే ఇంకో నెలలో ఇంకో బిల్లు చూస్తారు.

వచ్చిన బిల్లు తగ్గించుకునే సంగతి. మీ కంపెనీలో బిల్లింగ్ అడ్మిన్‌గా ఉన్నవారు బిల్లింగ్ సపోర్ట్‌కు రాయాలి. పొరపాటున జరిగింది, కారణం ఇదీ, మళ్ళీ జరగకుండా ఈ కోటాలు పెట్టాం అని మర్యాదగా, రుజువులతో. మొదటిసారి జరిగిన ఇలాంటి వాటికి కొంత క్రెడిట్ ఇవ్వడం ఉంది. ఇచ్చి తీరాలన్న నియమం లేదు. అడగకపోతే మాత్రం రాదు. జీఎస్టీగా కట్టిన యాభై వేల సంగతి కూడా మీ అకౌంటెంటును అడగండి. అమ్మే బట్టల మీద మీ కంపెనీ జీఎస్టీ కడుతుంది కాబట్టి, మామూలుగా దాన్ని ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌గా సర్దుకోవచ్చు. అంటే అసలు నష్టం ఇప్పటికే 2 లక్షల 80 వేల దగ్గర ఉంది.

జీతంలో కోత గురించి. వేతనాల కోడ్, 2019 గత సంవత్సరాల్లో కాగితం మీదే ఉండి, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. ఏ ఏ కారణాలకు జీతంలో కోత పెట్టొచ్చో అందులో రాసి ఉంది. ఓనరు మీటింగులో అరిచినంత మాత్రాన కోత పడదు. నష్టం పేరుతో కోత పెట్టాలంటే ఉద్యోగికి సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. కోతలన్నీ కలిపినా ఆ జీతంలో సగం మించకూడదు. మీ విషయంలో అది వర్తించే నష్టమేనా అన్నది కూడా వాదించుకోవాల్సిన సంగతే. అందుకని "నా తప్పు, నా జీతంలో పట్టుకోండి" అని ఎక్కడా సంతకం పెట్టకండి, మెయిల్‌లో కూడా రాయకండి. ఏం జరిగిందో రాయండి, డబ్బు బాధ్యత గురించి రాయకండి. వాళ్ళు ఏదైనా కాగితం మీ ముందు పెడితే, ఒక రోజు గడువు అడిగి, కార్మిక చట్టాలు చూసే లాయరుకు చూపించండి.

రాజీనామా ఈ వారం వద్దు. వాళ్ళ జవాబు ఏదో తెలిశాక, అక్కడ ఉండాలో వద్దో నిదానంగా చూసుకోవచ్చు. అందరి ముందూ అలా అరిచే ఓనరు దగ్గర ఉండాలా అన్నది వేరే ప్రశ్న. అది ఈ బిల్లుతో ముడిపెట్టుకోవద్దు.

ఇది చదివేసరికి సోమవారం అవుతుంది. ముందు ఆ కొత్త డేటా తెచ్చుకునే సెట్టింగును మళ్ళీ 12 గంటలకు మార్చండి, ఉత్తరంలో ఎక్కడా మార్చానని రాయలేదు మీరు. తర్వాత ఆ అబ్బాయిని కాఫీకి పిలవండి. చీటీ పాట పదో తేదీన అన్నారు. వెళ్ళి కూర్చోండి, పాడకండి. తమ్ముడి ఫీజు జనవరిలో కట్టాలని మీరే రాశారు, ఆ డబ్బు అప్పటికి అక్కడే ఉండాలి.